లక్క కింది ముల్లు

టిక్లేస్ దోనె వలయంలోంచి తిరిగొచ్చింది గానీ, వచ్చినందుకు ఎవరూ సంతోషపడలేని తీరులో వచ్చిందని కిందటి వారం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చుక్కాని దగ్గర డోర్కస్ ఒక్కతే స్పృహలో ఉంది. కొక్కెం సీటులో హీబర్ మొహం నీలంగా మారిపోయి పట్టీలకు వేలాడుతున్నాడు. సీటు వెనక ఉండే ఎర్రదారం సీసాకి లక్క పగిలి ఉంది. హీబర్‌ని ఆస్పత్రి గదికి మోసుకుపోయారు. ఏం జరిగిందని అడిగితే డోర్కస్ నోరు విప్పలేదు. దాంతో మార్తా పెన్నీ ఓడ మీద టీ కాచే పొయ్యి దగ్గర్నుంచి ఇంజను గది దాకా ఒకటే మాట: డోర్కస్ మూడో వాటా పీల్చేసింది.

మూడో వాటా అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మార్తా పెన్నీ లాంటి తల్లి ఓడ శని వలయంలోకి దిగలేదు. దిగితే మంచురాళ్ళు దాన్ని పిండి చేస్తాయి. అందుకే దాని కడుపులో చిన్న దోనెలున్నాయి. చుక్కానికి ఒకరు, కొక్కేనికి ఒకరు, అంతే. ఇద్దరూ లోపలికి దూరి మంచుగడ్డలు తగిలించుకుని లాక్కొస్తారు. ప్రతి దోనెలోనూ ఇద్దరికి సరిపడా గాలి, అది కాక మూడో మనిషికని ఒక సీసా ఉంటుంది. ఆ మూడో మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. పగిలిన ఏ ఓడలోంచో కొట్టుకుపోతూ దారిలో తగిలేవాడు. ఆ సీసా వాడిది. దోనెవాళ్ళు చావనైనా చావాలి గానీ దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దోనె మీది పేరు చెక్కి తీసేసి, అది ఒదిగి ఉండే ఊయలని ఇంకొకరికి ఇచ్చేస్తారు. భూమ్మీద చేపలు పట్టిన మా ముత్తాతల నాటి నుంచీ ఈ కట్టుబాటు ఉందని మావాళ్ళు గట్టిగా చెబుతారు. సముద్రం మీద గాలి సీసాలు ఎందుకని అడిగితే మాత్రం మాట మారుస్తారు.

దోనె తగువు దోనెలోనే తేలాలి, స్కిప్పర్ మూడుసార్లు అడిగాకే తీర్పు చెప్పాలన్నది ఇంకో కట్టుబాటు. అందుకని మర్నాడు పొద్దున టీ అయ్యాక అందరూ దోనెల గదికి చేరారు. అక్కడ బరువుండదు. గోడల వెంట కట్టిన తాళ్ళు పట్టుకుని, ఉతికి ఆరేసిన బట్టల్లా గాల్లో ఊగుతూ ఉన్నారు. మిగతా దోనెలన్నీ వలయంలోకి వెళ్ళిపోయాయి. ఊయలలో ఒక్క టిక్లేసే ఉంది. దాని తలుపు తెరిచి, చుక్కాని సీటులో డోర్కస్‌ని కూర్చోబెట్టారు. టిక్లేస్ అన్నది ఏదో పిట్ట పేరు. ఆ పిట్టని మాలో చూసినవాళ్ళు లేరు. డోర్కస్‌కి మాత్రం ఈ లోకంలో ఉన్నదల్లా ఆ దోనె ఒక్కటే. మొగుడు లేడు, పిల్లలు లేరు, వంటశాలలో పనికి చెయ్యి తిరగదు. ఊయల పోతే ఆమె ఓడ మీద ఎవరూ కాదు.

స్కిప్పర్ ఒబెడ్ గట్టి రొట్టెముక్క బుగ్గన పెట్టుకుని వచ్చాడు. అది నానేదాకా ఆయన తొందరపడి మాట్లాడడు. తీర్పు చెప్పేవాడికి అది మంచి అలవాటే.

"డోర్కస్, మొదటిసారి అడుగుతున్నా. ఆ ముద్ర నువ్వే పగలగొట్టావా?"

డోర్కస్ చుక్కాని పిడి వైపే చూస్తూ కూర్చుంది.

"మాట్లాడదు స్కిప్పర్," అన్నాడు అజర్యా. "లోపల బోలెడు గాలి దాచుకుంది కదా, నోరు తెరిస్తే పోతుందని భయం."

తాళ్ళ వెంట నవ్వులు సాగాయి. అజర్యా ఒకప్పుడు బుల్‌బర్డ్ దోనె నడిపినవాడు. ఇప్పుడది కూతురు కెజియా చేతిలో ఉంది. ఈయనకి దోనె లేని మేనల్లుడు ఒకడున్నాడు. వాడి కోసం ఈయన ఊయల వెతుకుతున్నాడని ఓడంతా తెలుసు.

ఒబెడ్ అతని నడుము వైపు చూశాడు. "అదేంటి, పేరు తీసేసే చెక్కుడు కత్తి తెచ్చావు? ఇంకా తీర్పే కాలేదుగా?"

"దారిలో కనబడితే పట్టుకొచ్చాలే."

"చెక్కుడు కత్తి దారిలో ఎందుకుంటుందయ్యా?"

అజర్యా జవాబు చెప్పే అవసరం లేకుండా జెమీమా వచ్చింది. ఆమెను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. దోనెలన్నిటి సీసాలకీ ఎర్రదారం కట్టి లక్క వేసేది ఆమే. హీబర్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆమె మొగుడు సైలస్ చాలా ఏళ్ళ కిందట వలయంలో దారి తప్పాడు. దోనె దొరికేసరికి ఆయన సీటులో గడ్డకట్టి ఉన్నాడు. మోకాళ్ళ దగ్గర మూడో వాటా సీసా, ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. మా ఓడ మీద పిల్లలకి నీతి చెప్పాలంటే ముందు సైలస్ పేరే ఎత్తుతారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, సైలస్ విషయంలో ఎవరూ ఏమీ కలిపి చెప్పలేదు.

"హీబర్ ఎలా ఉన్నాడు జెమీమా?" అన్నాడు స్కిప్పర్.

"ఊపిరి తీస్తున్నాడు. కళ్ళు తెరవలేదు. అది వేరే సంగతి." జెమీమా తాడు పట్టుకుని దోనె తలుపు దాకా వచ్చింది. "ఏమే పిల్లా, నేను కట్టిన ముడి ఎందుకు తెగింది?"

"రెండోసారి అడుగుతున్నా డోర్కస్," అన్నాడు ఒబెడ్.

ఇంతవరకూ తలెత్తని మనిషి ఇప్పుడు ఎత్తింది. "నేనే పగలగొట్టాను. హీబర్ కోసం."

గదిలో గోల లేచింది. జెమీమా గొంతు దాన్ని మించి వినబడింది.

"నా కొడుకు కోసమా? వాళ్ళ నాన్న సీసా ఒళ్ళో పెట్టుకుని ముట్టుకోకుండా పోయాడే! ఆయన కొడుకుని పట్టుకెళ్ళి దొంగని చేశావా? వాణ్ణి చావనిస్తే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని కదే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఏడవను?"

"దొంగని చెయ్యలేదు పిన్నీ. చెయ్యడానికి అందులో ఏమన్నా ఉంటే కదా."

"అంటే?"

"వట్టిది." డోర్కస్ అప్పుడిక ఆగలేదు. "మంచుముక్క తగిలి మా గాలి తొట్టికి చిల్లు పడింది. గాలంతా పోయింది, సూట్లలో ఉన్నదే మిగిలింది. హీబర్ సూటు కూడా చినిగింది. వాడు ఎగపీల్చి ఎగపీల్చి ఊపిరి తీస్తున్నాడు. కట్టుబాటూ లేదు ఏమీ లేదు అనుకున్నా, లక్క పగలగొట్టా, మర తిప్పా. చిన్న చప్పుడు కూడా లేదు. గొట్టం వాడికి తగిలించి మళ్ళీ తిప్పా. ఏం లేదు. ఇక మంచు వదిలేసి దట్టంలోంచి అడ్డంగా వచ్చేశా."

దట్టం అన్న మాట వినగానే కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వలయంలో రాళ్ళు బాగా చిక్కగా ఉండే పట్టెని దట్టం అంటాం. దోనెలు దాన్ని చుట్టి వస్తాయి. దాని మధ్యలోంచి వచ్చానన్న మనిషిని ఎవరూ నమ్మరు. అయితే టిక్లేస్ ఒంటి నిండా ఉన్న సొట్టలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

అజర్యా మొదట తేరుకున్నాడు. "బాగుందమ్మా! ఇంటికి కన్నం వేశాను గానీ లోపల ఏమీ దొరకలేదు కాబట్టి నేను దొంగని కాదు అంటున్నావు. పైగా వట్టి సీసాకి ముద్ర వేసిందని వదిన మీద పెడుతున్నావు."

"పిన్ని మీద పెట్టట్లేదు. పెట్టాల్సి వస్తుందనే నిన్నటి నుంచీ నోరు మూసుకుని కూర్చున్నా." డోర్కస్ జెమీమా వైపు తిరిగింది. "సైలస్ బాబాయ్ ఒళ్ళో సీసా కూడా ఇలాంటిదేనేమో అని నీ మొహం మీద ఎలా అనమంటావ్ పిన్నీ? హీబర్ లేచి చెబుతాడులే అనుకున్నా. వాడు లేవలేదు."

ముద్ర వేసే పద్ధతి జెమీమా కంటే బాగా ఎవరికి తెలుసు? ఏటేటా దోనెల పేర్ల పండగనాడు పాత దారం మీదే కొత్త దారం చుడుతుంది, పాత లక్క మీదే కొత్త లక్క పోస్తుంది. గాలి ఎంతుందో చూపించే ముల్లు ఆ లక్క కింద ఉంటుంది. చూస్తే ఆశ పుడుతుందని పెద్దవాళ్ళు దాన్ని కప్పేశారు. మర తిప్పి చూడటం మహాపాపం. బరువుని బట్టి తెలుసుకుందామంటే దోనెల గదిలో బరువే లేదు. ఏ మర అయినా ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా కారుతుందని ఇంజను గదిలో అందరికీ తెలుసు గానీ, ఆ తెలివి ఎర్రదారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఒక్కరూ ముట్టుకోలేదు, అందువల్లే అది ఖాళీ అయింది.

"ఇది తేలడం ఎంతసేపు?" అన్నాడు ఒబెడ్. "ఇంకో సీసా తెచ్చి విప్పి చూద్దాం. ఎవరిది తెస్తారు?"

ఒక్కరూ కదల్లేదు. తాళ్ళ వెంట ఉన్న దోనెల సొంతదారులంతా పక్కవాడి దోనె చాలా మంచిదన్నట్టు పక్కవాడి వైపు చూశారు. ముద్ర పగిలితే ఊయల పోతుంది మరి.

"అజర్యా, మీ బుల్‌బర్డ్ పాత సీసా ఒకటి కొట్టులో ఉంది కదూ?"

"అది మా నాన్న నాటిది స్కిప్పర్. దాని జోలికి వెళ్ళకండి."

"మంచిది."

జెమీమా అప్పుడే తలుపు వైపు వెళ్ళిపోతోంది. కోపంతో వెళ్ళిపోయిందనుకున్నారు. ఆమె తిరిగి వచ్చేసరికి చంకలో సైలస్ సీసా ఉంది. అన్నాల గది గుమ్మం మీద ఇన్నేళ్ళుగా వేలాడుతున్నది. దాని కింద నుంచి వెళ్ళేటప్పుడు మగవాళ్ళు టోపీ తీస్తారు.

"వదినా, వద్దు," అన్నాడు అజర్యా. ఈసారి అతని గొంతులో ఎకసెక్కెం లేదు.

"నా మొగుడిది. దీనికి ఊయల లేదు, పోయేదేమీ లేదు." ఆమె అతని నడుములోంచి చెక్కుడు కత్తి లాక్కుంది. లక్కని ఒక్క పోటు పొడిచింది. ఎర్రటి పెచ్చులు గాల్లో తేలుకుంటూ వెళ్ళాయి. దారం కోసింది. సీసా మూతిని చెంపకి ఆనించుకుని మర తిప్పింది. మొత్తం తిప్పింది. చెంప మీద వెంట్రుక కూడా కదల్లేదు. లక్క ఊడిన చోట ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది.

జెమీమా ఏడ్చింది. దాచుకోలేదు. బరువు లేని చోట కన్నీళ్ళు జారవు. కంటి మీదే గడ్డలా నిలుస్తాయి. స్కిప్పర్ తన రుమాలు ఇచ్చాడు.

"ముట్టుకున్నా బతికేవాడు కాదన్నమాట," అంది రుమాలు కళ్ళకి అద్దుకుంటూ.

"కాదు జెమీమా."

"కానీ ముట్టుకోలేదు. అది నిజమే కదా స్కిప్పర్?"

"అది నిజం. దాన్ని ఎవరూ తీసెయ్యలేరు."

ఆమె తలూపి డోర్కస్ వైపు చూసింది. క్షమించినట్టు లేదు, తిట్టినట్టూ లేదు. అబద్ధం చెప్పలేదని మాత్రం ఒప్పుకున్నట్టుంది.

ఇంతటితో ఊరుకుంటే అజర్యా అజర్యా ఎందుకవుతాడు? అతను చెయ్యి చాచి కత్తి వెనక్కి తీసుకున్నాడు. "అందరికీ బాధగానే ఉంది స్కిప్పర్. కానీ కట్టుబాటు చెప్పేది సీసాలో ఏముందని కాదు, ముద్ర పగిలిందా లేదా అని. పగలగొట్టేటప్పుడు ఈ పిల్లకి అది వట్టిదని తెలీదు. తన మనిషికే పెడదామనుకుంది, దారినపోయేవాడికి దక్కకుండా. మూడోసారి అడగండి, పని అయిపోతుంది."

ఆ మాటలో తప్పు లేదు. అందుకే ఒబెడ్‌కి చిరాకేసింది. రొట్టెముక్క మింగేసి డోర్కస్ వైపు తిరిగాడు. డోర్కస్ రెండు చేతులూ చుక్కాని మీద వేసుకుని కూర్చుంది. పిడి వదలమంటే వేళ్ళు ఒక్కొక్కటిగా ఊడదియ్యాల్సి వచ్చేలా పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గోడమీది స్పీకరు గరగరలాడింది.

"మార్తా పెన్నీ, మార్తా పెన్నీ, నేను బుల్‌బర్డ్ నుంచి కెజియాని. స్కిప్పర్, మనిషి దొరికాడు! బతికున్న మనిషి! ఏదో పగిలిన గూడులో ముడుచుకుని ఉన్నాడు. ఏ ఓడో తెలీదు, భాష మనది కాదు. మా నాన్న ఉంటే చెప్పండి, మూడో వాటా విప్పే అదృష్టం నాకు పట్టిందని. దొరికినాయనకి దెబ్బలు తగిలాయి, కుదుపుల్లేకుండా చుట్టుదారిలోనే మెల్లగా వస్తాం. మూడో సీసా ఉందిగా, కంగారేం లేదు. ఇదిగో, దట్టం వెనక్కి వెళ్ళిపోతున్నాం, ఇక మా మాట..."

గరగర తప్ప ఇంకేమీ లేదు. ఒబెడ్ మైకు దగ్గరికి దూకాడు. "కెజియా! వెనక్కి తిరుగు! సీసా నమ్ముకోవద్దు! కెజియా!" దట్టం వెనకున్న దోనెకి మాట చేరదు. అది తెలిసీ ఇంకొంతసేపు అరిచాడు.

లెక్క ఎవరూ పైకి చెప్పలేదు. ఇద్దరి గాలి ముగ్గురు పీలిస్తే చుట్టుదారి సగం కూడా గడవదు. అజర్యా చేతిలోంచి కత్తి జారి, పడే చోటు లేక అక్కడే గిరగిరా తిరుగుతోంది. అతను దాన్ని చూడటం లేదు.

"స్కిప్పర్," అన్నాడు.

"ఇక్కడున్న దోనె ఒక్కటే," అన్నాడు ఒబెడ్. "దాని తొట్టికి చిల్లు."

"అతికించారు," అంది డోర్కస్. "పొద్దున్నే. అజర్యా బాబాయే దగ్గరుండి అతికించాడు, మేనల్లుడి కోసం. అతుకు బాగానే ఉంది. గాలి కూడా నింపారు." ఆమె అప్పటికే సీటు పట్టీలు బిగించుకుంటోంది. "చుట్టుదారిలో వెంటపడితే అందుకోలేం. అడ్డంగా వెళ్ళాలి."

"మళ్ళీ దట్టంలోంచా? నీకు కొక్కెం మనిషి కూడా లేడు."

"ఉన్నాడు. బాబాయ్, ఎక్కు."

అజర్యా ఆమె వైపు వెర్రిగా చూశాడు. "నేనా? నేను కొక్కెం పట్టి ఎన్నేళ్ళయింది? నా చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో."

"వణకనీ. కొక్కెం బరువుండదు. వేగం తగ్గించి దగ్గరికి రావే అంటే మీ అమ్మాయి నీ మాట వింటుందా, నా మాట వింటుందా? ఎక్కు, ఆలస్యం చెయ్యకు."

అతను ఎక్కాడు. హీబర్ పట్టీలు ఇతని పొట్టకి చాల్లేదు. ఎవరో వచ్చి వదులు చేశారు. ఇంకెప్పుడైనా అయితే దాని మీద నాలుగు రోజులు నవ్వుకునేవాళ్ళం.

"డోర్కస్," అన్నాడు ఒబెడ్, "నేను మూడోసారి అడగాల్సింది ఇంకా ఉంది."

"వచ్చాక అడగండి స్కిప్పర్."

"రాకపోతే?"

"అప్పుడు పేరు చెక్కే పని మీకు తప్పుతుందిగా."

ఇంకో అడ్డం మిగిలింది. ముద్ర వేసిన మూడో వాటా లేనిదే ఏ దోనె అయినా తల్లి ఓడ దాటకూడదు. అది గుర్తొచ్చి ఒబెడ్ వెనక్కి తిరిగేసరికి జెమీమా గాలి పంపు దగ్గర ఉంది. సైలస్ సీసాని గొట్టానికి తగిలించి, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా నింపుతోంది. ముల్లు మెల్లగా లేచింది. పాత పంపు కదా, తాపీగా లేచింది. సగం దగ్గరికి వచ్చేసరికి డోర్కస్ కేక వేసింది. "చాలు పిన్నీ, ఇక ఆగలేను."

జెమీమా సీసా తెచ్చి సీటు వెనక తగిలించింది. ఆమె జేబులో ఎర్రదారం ఎప్పుడూ ఉంటుంది. చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది.

"దారం కట్టవా?"

"కట్టను. ముల్లు చూసుకుంటూ వెళ్ళు."

స్కిప్పర్ సీసాని చూశాడు. లక్క లేదు, దారం లేదు. అయినా తలుపు మూసి, ఊయల కొక్కేలు విడిచే పిడి లాగాడు. టిక్లేస్ మెల్లగా బయటికి జారింది.

దట్టం మొదలయ్యే చోట మంచురాళ్ళు ముందు ఇసకలా, తర్వాత ఇళ్ళంతేసి వస్తాయి. డోర్కస్ రెండింటి మధ్య దూరింది. మూడోదాన్ని అజర్యా కొక్కెంతో నెట్టాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి గానీ నెట్టిన చోటు సరైనదే. ఒకచోట రాళ్ళు పక్కకి తొలగి నల్లటి సందు కనబడింది. ఆ సందులోంచి దట్టం అవతలి ఆకాశం కనబడిందో లేదో, రేడియో బతికింది.

"...ఎవరన్నా వింటున్నారా? నాన్నా?" కెజియా గొంతు. మొదటిసారి ఉన్న ఉత్సాహం ఇప్పుడు లేదు. "నాన్నా, లక్క పగలగొట్టాం. సీసాలో ఏమీ లేదు. దోనెలో గాలి ఇద్దరికే సరిపోతుంది. ఈయన నా చెయ్యి పట్టుకుని వదలట్లేదు. ఈయన్ని ఏం చెయ్యమంటావ్ నాన్నా?"

ముందున్న సందు అప్పుడే ఇరుకవుతోంది. డోర్కస్ ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో మైకు తీసి అతని ఒళ్ళోకి తోసింది.

"చెప్పు బాబాయ్. సందు మూసుకుపోతోంది."

అజర్యా మైకు నోటి దగ్గరికి తీసుకున్నాడు. "ఆ చెయ్యి వదలకు కెజియా, వేగం తగ్గించు, గాలి తెస్తున్నాం," అన్నాడు.